బెజవాడలో పుట్టి వాల్తేరు చేరిన చదువు: ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి రోజులు, చెదిరిన కాగితాలు

ఆంధ్ర విశ్వవిద్యాలయం అనగానే విశాఖపట్నంలోని వాల్తేరు మెరక, దాని కింద సముద్రం గుర్తొస్తాయి. కానీ ఆ సంస్థ మొదలైంది అక్కడ కాదు. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో మొదలైంది. 2026 ఏప్రిల్ 26 నాటికి లెక్క సరిగ్గా నూరేళ్లు.

ఈ నూరేళ్ల మాట వచ్చినప్పుడల్లా నన్ను రెండు ప్రశ్నలు వెంటాడతాయి. బెజవాడలో పుట్టిన విశ్వవిద్యాలయం విశాఖకు ఎందుకు వెళ్లింది? రాయలసీమ దానితో ఎందుకు కలిసి నడవలేదు? రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ అని మనం ఇవాళ్టికీ పడుతున్న గొడవలకు ఈ రెండు ప్రశ్నల్లోనే మూలం ఉంది. వీటికి నోటిమాటగా జవాబులు బోలెడు దొరుకుతాయి. కాగితం చూపించి చెప్పే జవాబులు మాత్రం తక్కువ. కాగితాలు చాలానే ఉన్నాయి. కాకపోతే ఊరికొకటిగా చెదిరి ఉన్నాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. చాలాకాలం దాని పని ప్రధానంగా పరీక్షలు పెట్టడం, పట్టాలివ్వడం. పాఠాలు చెప్పేది కాలేజీలు. రాజమండ్రి, బందరు, కాకినాడ, గుంటూరు, విజయనగరం, విశాఖపట్నం కాలేజీలన్నీ మద్రాసు వైపు చూస్తూ ఉండేవి. సిలబస్ అక్కడే, ప్రశ్నపత్రం అక్కడే, నిర్ణయాలు తీసుకునే సెనేటూ అక్కడే. అందులో తెలుగువాళ్ల మాట చెల్లుబాటు కావడం లేదన్న బాధ అప్పటి చదువుకున్నవాళ్లలో గట్టిగా ఉండేది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రత్యేక రాష్ట్రం కోరిక, సొంత విశ్వవిద్యాలయం కోరిక ఆ తర్వాతి ఏళ్లలో జంటగా పెరిగాయి. రాష్ట్రం ఇవ్వడం ఢిల్లీ, లండన్‌ల చేతిలో ఉన్న పని. విశ్వవిద్యాలయమైతే మద్రాసు శాసనమండలి చట్టం చేస్తే సాధ్యం. కనుక ముందు చదువు దారి పట్టారని నాకనిపిస్తుంది.

ఇరుగుపొరుగున జరిగినవీ తెలుగువాళ్లను తొందరపెట్టి ఉంటాయి. మైసూరు సంస్థానం 1916లో విశ్వవిద్యాలయం పెట్టుకుంది. 1917లో, అదీ ఏప్రిల్ 26నే, నిజాం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా ఇచ్చాడు. తొమ్మిదేళ్ల తేడాతో రెండు విశ్వవిద్యాలయాలకూ ఒకే తేదీ రావడం కాకతాళీయమే. అయినా పోలిక అక్కడ ఆగదు. ఉస్మానియా ఉర్దూలో పాఠాలు చెప్పడానికి పుట్టింది. అందుకోసం అనువాద విభాగాన్నే పెట్టుకుని పాఠ్యపుస్తకాలు రాయించుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగువాళ్ల కోసం పుట్టి కూడా ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పింది. మన చదువుల చరిత్రలో నాకు చాలా ముఖ్యంగా తోచే విషయం ఇది. దాని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

1920 తర్వాత మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం వచ్చింది. 1921 నుంచి పానుగల్లు రాజా ముఖ్యమంత్రి. విద్యాశాఖ ఎ.పి. పాత్రో చేతిలో ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లును నడిపించింది ఆయనే. చట్టం పేరులో 1925 ఉంటుంది, అమల్లోకి వచ్చింది 1926లో. స్థాపన సంవత్సరం గురించి అక్కడక్కడా కనిపించే గందరగోళం దీనివల్లే. తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు సంస్థానంలో విద్యాశాఖను నడిపిన అనుభవం ఉన్న మనిషి. ఆయన సొంతూరు చిత్తూరు పక్కనే. అంటే సీమ మనిషే.

బెజవాడలో ఉన్నప్పుడు విశ్వవిద్యాలయం అంటే ప్రధానంగా ఒక ఆఫీసు. కాలేజీలకు గుర్తింపు, పరీక్షలు, సెనేటు సమావేశాలు. సొంత తరగతి గదుల్లో పాఠాలు చెప్పే రోజులు ఇంకా రాలేదు. అవి రావాలంటే భూమి కావాలి, డబ్బు కావాలి, ముందుగా ఊరు తేలాలి. గొడవంతా ఆ ఊరి దగ్గరే వచ్చింది.

బెజవాడ వాదన సులువుగా అర్థమవుతుంది. రైళ్లన్నీ కలిసే చోటు, తెలుగు జిల్లాలకు నడిమధ్య. రాజమండ్రికి నన్నయ్య ఉన్నాడు, గోదావరి ఉంది, పాత కాలేజీల పేరూ ఉంది. విశాఖపట్నానికి ఎత్తైన ఖాళీ నేల, సముద్రపు గాలి, కట్టుబడిలో ఉన్న ఓడరేవు, వెనక జమీందారుల అండ. అనంతపురానికి వీటిలో ఏవీ లేవు. అక్కడ 1916లో పెట్టిన దత్తమండలాల (ఇవాళ్టి రాయలసీమ జిల్లాల) కాలేజీ ఉంది. దానికంటే ముఖ్యంగా, పేదవైన ఈ జిల్లాలకు ఒక పెద్ద సంస్థయినా ఇవ్వాలన్న న్యాయం ఉంది. నా దృష్టిలో ఆ రోజుల్లో అన్నిటికంటే బలమైన వాదన అదే. దాన్ని భుజాన మోయడానికి కావలసినంత బలగం మాత్రం లేదు.

మ్యాపు ముందు పెట్టుకుంటే సీమవాళ్ల కోపం అర్థమవుతుంది. కడప నుంచి మద్రాసు 300 కిలోమీటర్ల లోపే. వాల్తేరు దానికి రెట్టింపు దూరం. సొంత భాష పేరుతో పెట్టిన విశ్వవిద్యాలయం, పరాయిదనుకున్న మద్రాసు కంటే దూరంలో ఉంటే కడప కుర్రాడికి కలిగే మేలేమిటి? కోస్తావాళ్లకు ఇది ఊళ్ల మధ్య పోటీలా కనిపించింది. సీమవాళ్లకు మాత్రం రేపు రాష్ట్రం వస్తే తమ గతి ఏమిటో చెప్పే పరీక్ష అయింది. చివరికి సీమ కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండిపోయాయి. దత్తమండలాలు అన్న పేరు వదిలి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నదీ ఈ రోజుల్లోనే, 1928లో నంద్యాల సభలో. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కాలేజీ అధ్యాపకుడే. ఈ రెండు సంగతులనూ మనం విడివిడిగా చదువుతాం. నేనైతే పక్కపక్కనే పెట్టి చూస్తాను.

1930లో ప్రధాన స్థానం వాల్తేరుకు మారింది. అదే ఏడాది ఉప్పు సత్యాగ్రహం, లాఠీలు, అరెస్టులు. ప్రభుత్వ అణచివేతకు నిరసనగా రామలింగారెడ్డి పదవి వదిలేశారు. మద్రాసు గవర్నరే విశ్వవిద్యాలయానికి చాన్సలర్‌గా ఉన్న కాలంలో ఒక వైస్ చాన్సలర్ అలా చేయడం చిన్న విషయం కాదు.

ఆయన తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి 1936 దాకా ఉన్నారు. ఆఫీసుగా ఉన్నది బడిగా మారింది ఆ అయిదేళ్లలోనే. ఆర్ట్స్ కాలేజీ మొదలైంది, వెంటనే సైన్స్ విభాగాలు వచ్చాయి. తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం, భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి, ఆర్థికశాస్త్రానికి వి.కె.ఆర్.వి. రావు వంటివాళ్లు చేరారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ఉపన్యాసాలిచ్చారు. దీనికంతటికీ డబ్బు కావాలి కదా. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆనాటి లక్ష. సైన్స్ కాలేజీకి ఆయన పేరు పెట్టింది అందుకే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై జయపురం అటు వెళ్లిపోయింది. అయినా వాల్తేరులో ఆ రాజు పేరు నిలిచింది. 1936లో రామలింగారెడ్డి మళ్లీ వైస్ చాన్సలర్‌గా వచ్చి 1949 దాకా కొనసాగారు.

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. నీళ్లు, శాసనసభ స్థానాలు, రాజధాని, హైకోర్టు సంగతులు అందులో ఉన్నాయని అందరూ చెబుతారు. విశ్వవిద్యాలయం సంగతి కూడా ఉందన్నది చాలామంది మర్చిపోతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి, రెండు కేంద్రాలుండాలని ఆ ఒప్పందం. రాష్ట్రం కోసం సీమ మనసు గెలవాలంటే ముందు పదేళ్ల కిందటి ఆ గాయానికి మందు వేయాలని వాళ్లకు తెలుసు.

ఆ మందు అందలేదు. యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది, వాల్తేరు భవనాల్లోకి సైన్యం వచ్చింది. మళ్లీ మెరక ఎక్కింది యుద్ధం ముగిశాకే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరులో పెట్టారు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. సీమ కాలేజీలు మద్రాసును వదిలింది అప్పుడు. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం, శ్రీకృష్ణదేవరాయల పేరుతో, 1981లో వచ్చింది. శ్రీబాగ్‌లో సంతకాలు పెట్టిన 44 ఏళ్లకు.

ఇక కాగితాల సంగతి. ఒక ఆఫీసు బెజవాడ నుంచి వాల్తేరుకు, అక్కడి నుంచి గుంటూరుకు, మళ్లీ వాల్తేరుకు మారింది. ఇల్లు మారినవాళ్లెవరికైనా తెలుసు, మారిన ప్రతిసారీ ఏ పెట్టె ఎక్కడ పెట్టామో వెతుక్కోవాలి. దీనికి తోడు ఈ కథలో సగం విశ్వవిద్యాలయం లోపల జరగనే లేదు. బిల్లు మీద ఎవరేం మాట్లాడారో మద్రాసు శాసనమండలి చర్చల సంపుటాల్లో ఉంటుంది. ప్రభుత్వ ఉత్తర్వుల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. లండన్‌లో ఇండియా ఆఫీసు రికార్డుల్లోనూ మద్రాసు ప్రభుత్వ కాగితాలున్నాయి. జనం ఏమనుకున్నారో తెలియాలంటే ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలు తిరగేయాలి. వాటి కోసం వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయానికి వెళ్లాలి. 1918లో పుట్టిన ఆ ఊరి గ్రంథాలయం పాత పత్రికలను దాచిపెట్టి చేసిన మేలు ఇంతని చెప్పలేను.

విశ్వవిద్యాలయాల సొంత కాగితాల్లో నాకు విలువైనవిగా తోచేవి సెనేటు మినిట్స్. అందులో తీర్మానం ఒక్కటే కాదు, దానికి ఎవరు సవరణ తెచ్చారు, ఏ ఊరు ఎన్ని ఓట్లతో ఓడింది అన్నదీ ఉంటుంది. తర్వాత అడ్మిషన్ రిజిస్టర్లు. ఏ ఊరి నుంచి, ఏ ఇంటి నుంచి తొలి పిల్లవాడు వచ్చాడు, తొలి అమ్మాయి ఎవరు, స్కాలర్‌షిప్ ఎవరికి దక్కింది అన్నవి అక్కడే తేలుతాయి. పెద్దల జీవితచరిత్రల్లో ఇవి దొరకవు. మన ఆఫీసుల్లో ఇలాంటివి ఎక్కువగా రికార్డు రూములో ఉంటాయి. రికార్డు రూము వేరు, ఆర్కైవ్ వేరు. మొదటిది ఫైలును దాచే చోటు. రెండోది ఆ ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో రాసి, పాత వరస చెడకుండా పెట్టి, జాబితా వేసి, అడిగినవాళ్లకు చదవడానికి ఇచ్చే చోటు. 1920ల, 30ల నాటి చెక్కగుజ్జు కాగితం ఆమ్లానికి పసుపెక్కి, మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది. స్కాన్ చేస్తే అక్షరం బతుకుతుంది. కానీ జాబితా లేకుండా వేల పేజీలు స్కాన్ చేస్తే, గదిలో ఉన్న గందరగోళమే కంప్యూటర్లోకి వస్తుంది. జాబితా వేయడానికి ఓపిక ఉన్న మనుషులు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి. శతాబ్ది పేరు మీద కట్టే ఏ తోరణం కంటే నాకు ఆ ఖర్చే ముఖ్యం.

ఆఫీసుల బయట ఉన్నవీ తక్కువేం కాదు. యుద్ధం రోజుల్లో గుంటూరులో చదివినవాళ్లు ఇంటికి రాసిన కార్డులు, వాల్తేరు హాస్టల్ ఖర్చుల లెక్కలు, కాన్వొకేషన్ ఫొటోలు, సీమ కాలేజీల పత్రికలు చాలా ఇళ్ల అటకల మీద ఉండి ఉంటాయి. తాతగారి ట్రంకుపెట్టె ఖాళీ చేసి పాత పేపర్లవాడికి వేసేముందు, కట్ట విప్పి తేదీలు చూడండి. 1926, 1930, 1942లలో ఏది కనిపించినా ఆ కాగితాన్ని పక్కన పెట్టండి.