డీబీఏ జీతం, ఊరి ఖర్చు: అపోహలు - వాస్తవాలు

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లు (డీబీఏలు, అంటే సంస్థల సమాచార నిల్వలను నిర్వహించేవారు) ఊరు మారే ఉద్యోగం వచ్చినప్పుడు జీతం అంకెను ఎంతో శ్రద్ధగా చూస్తారు గానీ, ఆ అంకె ఎలా పుట్టిందో ఆరా తీయరు. నా తోటివారు ఇక్కడే నష్టపోవడం చూసి బాధపడి ఇది రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన నగరంలో బతకడానికి వీలుగానే కంపెనీలు అక్కడ ఎక్కువ జీతమిస్తాయి.

వాస్తవం: జీతాన్ని ప్రధానంగా నిర్ణయించేది అద్దె కాదు, అదే పనికి ఆ ప్రాంతంలోని మిగతా సంస్థలు ఎంత ఇస్తున్నాయన్నది. బ్యాంకులు, టెలికాం సంస్థలు, పెద్ద ఆసుపత్రులు ఒకేచోట చేరి, ఒరాకిల్ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ వంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినవారి కోసం పోటీపడితే జీతాలు పెరుగుతాయి. పర్యాటకుల వల్ల అద్దెలు మండిపోయే ఊరిలో అలాంటి సంస్థలు లేకపోతే, ఖర్చు ఎక్కువైనా జీతం తక్కువగానే ఉంటుంది.

అపోహ: ఖర్చులు 20 శాతం తక్కువున్న ఊరికి 20 శాతం తక్కువ జీతానికి వెళ్లినా నష్టం లేదు.

వాస్తవం: చేతికి 100 వచ్చే మనిషికి ఊరి ఖర్చు 50, అప్పు వాయిదా 20, మిగులు 30 అనుకుందాం. ఊరు మారాక చేతికి 80 వస్తుంది, ఊరి ఖర్చు 40కి దిగుతుంది, కానీ వాయిదా 20 అలాగే ఉంటుంది కనుక మిగిలేది 20 మాత్రమే, అంటే పొదుపులో మూడో వంతు పోయినట్టే. ల్యాప్‌టాప్, సర్టిఫికేషన్ పరీక్ష రుసుము, విమాన టికెట్టు వంటివి కూడా ఊరిని బట్టి పెద్దగా తగ్గవు. అందుకే ఊళ్ల ఖర్చులను పోల్చే జీవన వ్యయ సూచికను మొత్తం జీతానికి కాకుండా, ఆ ఊరిలో ఖర్చయ్యే భాగానికే వర్తింపజేయాలి. ఆ సూచికలో ఏమేమి కలిపారో కూడా చూడాలి: నంబియో అనే వెబ్‌సైట్ ప్రధాన జీవన వ్యయ సూచికలో న్యూయార్క్‌ను 100గా తీసుకుంటారు, కానీ ఇంటి అద్దెను అందులో కలపరు.

అపోహ: హోదా ఒకటే కనుక రెండు ప్రాంతాల సగటు జీతాలను నేరుగా పోల్చవచ్చు.

వాస్తవం: ఒకచోట డీబీఏ అంటే బ్యాకప్‌లు, యూజర్ అనుమతులు చూసే వ్యక్తి, మరోచోట రెప్లికేషన్ (డేటా నకళ్లను వేరే సర్వర్లలో ఉంచడం), పనితీరు, విపత్తు నుంచి పునరుద్ధరణ అన్నీ మోసే వ్యక్తి. అమెరికా వృత్తుల వర్గీకరణ 2018లో డేటాబేస్ ఆర్కిటెక్టులకు (డేటాబేస్‌లను రూపొందించేవారికి) వేరే సంకేతం ఇచ్చింది. అంతకుముందు గణాంకాలతో పోల్చేవారు ఈ మార్పును గమనించాలి. కొద్దిమంది భారీ జీతాలు సగటును పైకి లాగుతాయి కనుక మధ్యగత విలువను (జీతాలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉండేదాన్ని) చూడడం మేలు.

అపోహ: ఇంటి నుంచి పని అయితే ఎక్కడున్నా ఒకే జీతం.

వాస్తవం: కొన్ని సంస్థలు అలాగే ఇస్తాయి, మరికొన్ని ఉద్యోగి నివాసాన్ని బట్టి జీతాన్ని సవరిస్తాయి. సంతకానికి ముందే ఈ నిబంధనతో పాటు ఆన్‌కాల్ భత్యం (పనివేళల తర్వాత కూడా పిలిస్తే అందుబాటులో ఉన్నందుకు ఇచ్చేది) గురించీ రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే అర్ధరాత్రి ప్యాచింగ్‌కు (సాఫ్ట్‌వేర్ సవరణలు ఎక్కించడానికి) వెచ్చించే గంటలు ఏ జీవన వ్యయ సూచికలోనూ కనిపించవు.