పాట నుంచి పాటలోకి: జామ్ బ్యాండ్ల మీద అపోహలు – వాస్తవాలు

నేను న్యూజెర్సీలో గిటార్ పాఠాలు చెబుతాను. వారాంతాల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం పాటలు వాయించే ఓ చిన్న బృందంలో బాస్ వాయిస్తాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో చాలామంది మనవాళ్లే. పగలంతా ఆఫీసు, పిల్లలు పడుకున్నాక ప్రాక్టీసు. జామ్ అంటే పాటను అప్పటికప్పుడు అల్లుకుంటూ సాగదీయడం. అలా వాయిస్తూ, పాట ఆపకుండా ఇంకో పాటలోకి వెళ్లడం గురించి వాళ్లు అడిగే ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి. అక్కడే మొదలుపెడతాను.

అపోహ: అదంతా అప్పటికప్పుడు పుట్టుకొస్తుంది. పుట్టుకతో రావాల్సిందే, నేర్చుకుంటే వచ్చేది కాదు.

వాస్తవం: ఈ మాట నమ్మి గిటార్ మూలన పడేసినవాళ్లను చూశాను. అందుకే దీనికే ఎక్కువ చోటిస్తున్నాను.

డెడ్ అభిమానులు నెత్తిన పెట్టుకునే జోడీ స్కార్లెట్ బిగోనియాస్, ఫైర్ ఆన్ ద మౌంటెన్. స్కార్లెట్ 1974లో వచ్చింది. మూడేళ్లపాటు దాన్ని ఫైర్ తోడు లేకుండానే వాయించారు. 1977 మార్చి 18న శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్‌లో మొదటిసారి రెండూ కలిపారు. అదే ఏడాది మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్లో వాయించిన జోడీ పాతిక నిమిషాల పైమాటే. అందరూ మెచ్చుకునేది దాన్నే, నాకూ అదే ఇష్టం. కానీ ఆ రాత్రికి వాళ్లకు స్కార్లెట్ తర్వాత ఏం రాబోతోందో తెలుసు. ఎంతసేపటికి చేరాలి, ఏ దారిన వెళ్లాలి అన్నదే ఆ పూట తేలేది. దారి కూడా మరీ అడవి కాదు. స్కార్లెట్ చివర్లో జామ్ సాగేది బి, ఎ కార్డుల (కలిపి మీటే స్వరాల గుంపుల) మీద. ఫైర్ మొత్తం ఆ రెండు కార్డులే. ఆధార స్వరం కదలదు, స్వరాలు మారవు, నడక మారుతుంది. మన లెక్కలో చెప్పాలంటే రెండుచోట్లా హరికాంభోజి స్వరాలే.

చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు కూడా భయపడుతుంటే నాకు బాధేస్తుంది. కల్పనస్వరం పాడేటప్పుడు రాగం తెలుసు, తాళం తెలుసు, ఎక్కడ ఎత్తుకోవాలో తెలుసు. మనోధర్మమంతా ఆ హద్దుల లోపలే కదా. ఇదీ అంతే.

నా దగ్గరికి వచ్చే ఒకాయన ఓపెన్ జామ్‌కి వెళ్లారు. డెడ్ వాళ్లు కలిపి వాయించే ఇంకో జోడీలో మొదటి పాట చైనా క్యాట్ సన్‌ఫ్లవర్ చక్కగా వాయించారట. అది ఐ నో యూ రైడర్‌లోకి తిరుగుతుండగా చేతులు ఆగిపోయాయి. గిటార్ కేబుల్ పీకేసి వచ్చి కూర్చున్నారు. "నాకు ఇంప్రొవైజేషన్ రాదు సార్, వదిలేస్తాను" అన్నారు. ఫోన్లో శ్రుతి పెట్టె యాప్ తెరిచి జి పెట్టాను. జి మేజర్ స్కేలు, అంటే శంకరాభరణం, మెల్లగా వాయించమన్నాను. ఆయన వాయిస్తుండగానే శ్రుతి డికి మార్చాను. "వేళ్లు కదపకండి, ఆగే చోటు మాత్రం డి చేసుకోండి" అన్నాను. అవే ఫ్రెట్లు, అవే ఏడు స్వరాలు, హరికాంభోజి పలికింది. పంచమాన్ని షడ్జం చేసే గ్రహభేదం. చిన్నప్పుడు ఆయన వాళ్ల అమ్మగారి దగ్గర విన్నదే. చైనా క్యాట్ జిలో ఉంటుంది, రైడర్ డిలో ఉంటుంది. పాటల్లో ఈ స్కేలులో లేని ఎఫ్ కూడా వచ్చిపోతుంది, రైడర్‌లో ఎఫ్ కార్డే ఉంది. కొత్తలో దాని జోలికి పోకండి, ముందు ఆ ఏడు స్వరాల మీద నిలబడండి. ఆయన తర్వాతి నెల మళ్లీ జామ్‌కి వెళ్లారు. మలుపు దగ్గర తక్కువ స్వరాలే వాయించారు, కానీ ఆగలేదు.

ఇంట్లో ప్రాక్టీసు చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే: వేగం పెంచుకోవడం కాదు, శ్రుతి మారినప్పుడు విశ్రాంతి స్వరం మార్చుకోవడం సాధన చేయండి. రోజుకు పావుగంట చాలు.

అపోహ: లీడ్ గిటార్ ఎటు తిప్పితే అటు.

వాస్తవం: కార్నెల్ రికార్డింగ్ మళ్లీ పెట్టి డెడ్ లీడ్ గిటారిస్టు జెర్రీ గార్సియాను వదిలేసి ఫిల్ లెష్ బాస్ ఒక్కటే వినండి. బాస్ నేల లాంటిది, నేల జరిగాకే ఇల్లు జరుగుతుంది. బాస్ వాయించేవాణ్ని కాబట్టి ఇలా అంటున్నానని కొందరనుకుంటారు. వినండి, మీకే తెలుస్తుంది.

అపోహ: కలిపి వాయించిన ప్రతిదీ ఇంప్రొవైజేషనే.

వాస్తవం: కాదు. హెల్ప్ ఆన్ ద వే, స్లిప్‌నాట్, ఫ్రాంక్లిన్స్ టవర్ 1975 నాటి బ్లూస్ ఫర్ అల్లా ఆల్బమ్‌లోనే వరసగా ఉన్నాయి. స్లిప్‌నాట్‌లో అందరూ కలిసి పొల్లుపోకుండా వాయించాల్సిన భాగాలున్నాయి. అవి కంఠతా పట్టకుండా స్టేజీ ఎక్కితే పరువు పోతుంది. ఫిష్ అనే ఇంకో జామ్ బృందం వాయించే మైక్స్ సాంగ్, ఐ యామ్ హైడ్రోజన్, వీకపాగ్ గ్రూవ్ వరస కూడా వాళ్ల అభిమానులు ముందే ఊహించగలిగేదే.

అపోహ: కార్నెల్ కచేరీ అసలు జరగనే లేదు, టేపు సీఐఏ పుట్టించింది.

వాస్తవం: ఈ పుకారు నాకు ఇంకా ఫార్వర్డ్ అవుతూనే ఉంది. దయచేసి ఆపండి. ఆ రికార్డింగ్ చేసింది డెడ్ సౌండ్ ఇంజనీరు బెట్టీ క్యాంటర్ జాక్సన్. 2017లో అధికారికంగా విడుదలైంది. అంతకుముందే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది.

అపోహ: మత్తు లేకపోతే ఈ సంగీతం రాదు.

వాస్తవం: పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు గొంతు తగ్గించి ఇదే అడుగుతారు. వాళ్ల దిగులు నాకు అర్థమవుతుంది. ఆ బృందం చరిత్రలో మత్తు ఉంది, దాచను. కానీ పైన చెప్పిన స్వరాలకు, శ్రుతికి దానితో పని లేదు. మా రిహార్సల్స్‌లో ఫ్లాస్కులో టీ ఉంటుంది, అంతే.

అపోహ: దీనికీ మన దేశ సంగీతానికీ ఏ సంబంధమూ లేదు.

వాస్తవం: డెడ్ డ్రమ్మర్ మికీ హార్ట్, జాకిర్ హుస్సేన్ కలిసి డిగా రిథమ్ బ్యాండ్ పేరుతో 1976లో ఒక ఆల్బమ్ తెచ్చారు. అందులో హ్యాపీనెస్ ఈజ్ డ్రమ్మింగ్ అని ఒకటుంది, గార్సియా గిటార్‌తో. ఫైర్ ఆన్ ద మౌంటెన్ మాటలు లేకుండా మొదట వినిపించింది అక్కడే. ముందు దాన్ని విని, వెంటనే కార్నెల్ జోడీ పెట్టండి.