పది తర్వాత బడి ఎందుకు మారుతుంది?

ఏప్రిల్ మొదటి వారం. మా వీధి చివర దర్జీ పని చేసుకునే ఆయన ఇంటి అరుగు మీద ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. మెడలో గుర్తింపు కార్డు, ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డరు. ఆ ఇంటి అమ్మాయి పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి నాలుగు రోజులైంది. ఫలితాలు ఇంకా రాలేదు. అయినా ఫోల్డరులో ఆమె పేరు, బడి పేరు, తొమ్మిదో తరగతి లెక్కల మార్కులు అప్పటికే ఉన్నాయి. "ఇవాళ అయిదు వేలు కట్టి సీటు ఉంచుకోండి సార్, పదిహేను వేలు కన్సెషన్ ఇప్పిస్తాను. రిజల్టు వచ్చాక నా చేతిలో ఉండదు" అంటున్నాడు. దర్జీ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, "ఏ గ్రూపు బాబూ?" అని అడిగాడు. "ఎంపీసీ రాసేస్తాను, కావాలంటే జూన్‌లో మార్చుకోవచ్చు." అమ్మాయి గుమ్మం పట్టుకుని వింటోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇలా సీట్లు నింపుకోవడానికి ప్రైవేటు జూనియర్ కళాశాలలు ఇంటింటికీ పంపేవారిని పీఆర్వోలు అంటారు. పిల్లల వివరాలు ఎక్కడివని అడిగితే నవ్వి ఊరుకుంటారు.

ఈ అరుగు బేరం మనకు ఎంత అలవాటైపోయిందంటే, దేశమంతా ఇలాగే ఉంటుందనుకుంటాం. చెన్నైలో చుట్టాలున్నవాళ్లు కనుక్కుంటే తెలుస్తుంది. అక్కడ 1978లో ప్లస్ టూ వచ్చినప్పుడు దాన్ని హైస్కూళ్లలోనే పెట్టారు. పది పాసైన పిల్ల చాలాసార్లు అదే బడిలో, తనకు తెలిసిన టీచర్ల దగ్గరే పదకొండులో కూర్చుంటుంది. సీబీఎస్‌ఈ బడుల్లోనూ అంతే. మన దగ్గర మాత్రం చాలాచోట్ల పదిహేనేళ్ల పిల్ల టీసీ పట్టుకుని బయటికి రావలసిందే. గ్రూపు, మాధ్యమం, ద్వితీయ భాష, ఇల్లా హాస్టలా అనే నాలుగు నిర్ణయాలు ఒకే వేసవిలో, చాలావరకు ఆ అరుగు మీదే జరిగిపోతాయి. బడికీ ఇంటర్‌కూ మధ్య ఈ తెంపు ఎక్కడ మొదలైందో తెలియాలంటే తాతల సర్టిఫికెట్ల దాకా వెళ్లాలి.

డెబ్బై దాటిన వారి ట్రంకు పెట్టెల్లో ఎస్సెస్సెల్సీ పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. లోపల పుట్టుమచ్చల వివరాలు, వరసగా మార్కులు, హెడ్మాస్టరు సంతకం. పదకొండేళ్ల చదువుకు అది ముద్ర. స్వాతంత్ర్యానికి ముందు, ఆ తర్వాత కొన్నేళ్లు దాని మీద రెండేళ్ల ఇంటర్మీడియట్ ఉండేది; దాన్ని విశ్వవిద్యాలయాలే నడిపేవి. 1952-53లో పనిచేసిన మొదలియార్ కమిషన్ ఆ రెండేళ్లను చీల్చమంది: ఒక ఏడాది హైస్కూలుకు, ఇంకో ఏడాది డిగ్రీకి. డిగ్రీ మూడేళ్లయింది. పదకొండేళ్ల బడి చదివి వచ్చేవారిని డిగ్రీకి సిద్ధం చేయడానికి ఏడాది పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) పెట్టారు. మల్టీపర్పస్ హైస్కూలులో పన్నెండో తరగతి చదివినవారు ఆ పీయూసీ లేకుండానే డిగ్రీలో చేరేవారు. అప్పట్లో ఒకే వీధిలో ముగ్గురు కుర్రాళ్లు మూడు దారుల్లో డిగ్రీకి చేరుకునేవారన్నమాట.

1964-66లో కొఠారి కమిషన్ కూర్చుని పదేళ్ల బడి, ఆపై రెండేళ్లు, మూడేళ్ల డిగ్రీ అనే పది, రెండు, మూడు లెక్క చెప్పింది. 1968 జాతీయ విద్యా విధానం దాన్ని ఆమోదించింది. తక్కిన రాష్ట్రాలు తటపటాయిస్తుండగానే ఆంధ్రప్రదేశ్ 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలుపెట్టేసింది. 1971లో చట్టం చేసి ఇంటర్మీడియట్ బోర్డును ఏర్పాటు చేసింది. తొందరపడిందని నేను అనను; మూడు దారుల గందరగోళం పోయింది. కానీ కొఠారి కమిషన్ చెప్పినది కేవలం అంకెలు కాదు. ఆ రెండేళ్లను కళాశాలల నుంచి తప్పించి క్రమంగా బడులకు చేర్చమని కూడా చెప్పింది. ఆ సగం మనం వదిలేశాం. విశ్వవిద్యాలయం చేతిలోంచి తీసుకున్నాం గాని బడి చేతికి ఇవ్వలేదు. మధ్యలో జూనియర్ కళాశాల అనే మూడో ఇల్లు కట్టాం. పదో తరగతి పరీక్ష ఒక శాఖది, ఇంటర్ పరీక్ష మరో బోర్డుది. అక్కడ టీచర్లు, ఇక్కడ లెక్చరర్లు. పదోతరగతి సార్‌కు తన పిల్ల ఇంటర్‌లో ఏమైందో తెలుసుకునే పని లేదు. ఇంటర్ లెక్చరర్‌కు ఆ పిల్ల పదిలో దేనికి తడబడిందో చెప్పేవారు లేరు. కర్ణాటకదీ దాదాపు ఇదే దారి. వాళ్లు పీయూ అన్న పేరును కూడా వదల్లేదు.

ఆ తొలి రోజుల్లో ఒక మంచి పని మాత్రం సమయానికి జరిగింది. 1968లో పి.వి. నరసింహారావు వ్యవస్థాపక అధ్యక్షుడిగా తెలుగు అకాడమీ ఏర్పడింది. ఇంటర్, డిగ్రీ పాఠాలు తెలుగులో రాయించడం దాని పని. అవకలనం, సమాకలనం, ద్విపద సిద్ధాంతం, కిరణజన్య సంయోగక్రియ వంటి మాటలు ఆ పుస్తకాల ద్వారా పల్లెల దాకా చేరాయి. పల్లెటూరి హైస్కూలు నుంచి వచ్చిన కుర్రాడు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగులోనే భౌతికశాస్త్రం చదివి ఇంజినీరైన తరం ఒకటి ఉంది. ఆ పుస్తకాల అట్టలు వెలిసిపోయి ఉండేవి, బొమ్మలు మసకగా ఉండేవి, అయినా లెక్క మొదటి మెట్టు నుంచి ఉండేది. ఈ రోజు ఆంగ్ల మాధ్యమంలోకి ఒక్కసారిగా దూకే పిల్లలకు కావలసింది సరిగ్గా ఆ మొదటి మెట్టే. త్రికోణమితి తెలిసి ఉండి కూడా ప్రశ్న అర్థం కాక కాగితం ఖాళీగా ఇచ్చే పిల్లలు మొదటి సంవత్సరంలో ప్రతి కళాశాలలోనూ ఉంటారు. ఇంట్లో వాళ్లు దాన్ని లెక్కల భయం అనుకుని ఇంకో ట్యూషను పెట్టిస్తారు.

మూడో ఇల్లు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు చేరతారు కదా. 1980లకు ముందే ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్ల మీద ఒత్తిడి పెరిగింది. ఇక్కడ సీటు దొరకనివారు పొలం అమ్మి కర్ణాటకలో డొనేషన్లు కట్టేవారు. 1983లో రాష్ట్ర ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రైవేటు కళాశాలల ఫీజుల మీద సుప్రీంకోర్టులో 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పు దాకా వెళ్లిన వివాదానికి మూలాల్లో ఈ చట్టం కూడా ఉంది. 1986లో ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్షగా ఎంసెట్ వచ్చింది. సీటుకు దారి డబ్బు కాదు, ర్యాంకు అన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఇంటర్ చివర అలాంటి ఒక తలుపు పెట్టాక, ఇంటర్ రెండేళ్లూ ఆ తలుపు ముందు నిలబడే వరసగా మారిపోయాయి. గుంటూరు, విజయవాడ, నెల్లూరు, హైదరాబాద్‌లలో పుట్టిన కోచింగ్ కేంద్రాలు కాస్త కాలానికే తామే జూనియర్ కళాశాలలయ్యాయి. ఉదయం బోర్డు సిలబస్, సాయంత్రం ఎంసెట్, రాత్రి స్టడీ అవరు, ఆదివారం వీకెండ్ టెస్టు. కళాశాల, కోచింగు, హాస్టలు ఒకే గొడుగు కింద అమ్మడం తెలుగువారు కనిపెట్టిన వ్యాపారమని గొప్పగా చెప్పుకునేవారూ ఉన్నారు. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ శిక్షణ దారి వేరు. అక్కడ చేరడానికే ప్రవేశ పరీక్ష ఉండేది, ఆ పరీక్షకు కోచింగ్ ఇచ్చేవారు మళ్లీ వేరే వెలిశారు.

2008లో పేద విద్యార్థుల ఫీజు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజినీరింగ్ మీద ఆశ కూలీ ఇంటికి కూడా చేరింది. దర్జీ ఇంటి అరుగు మీదికి పీఆర్వో వచ్చింది ఆ దారిలోనే.

మార్కుల లెక్క దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడే తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోతారు. చాలాకాలం పాటు ఎంపీసీ మొత్తం 1000 మార్కులు ఇలా ఉండేవి. గణితం 300, భౌతిక, రసాయన శాస్త్రాలు ప్రాక్టికల్స్‌తో కలిపి 300, మిగిలిన 400 రెండు భాషలవి. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చిన రోజుల్లో కూడా లెక్కలోకి వచ్చింది గ్రూపు సబ్జెక్టులే. అంటే ర్యాంకుకు భాష అక్కరలేదు, కానీ ఫలితాల రోజు టీవీలో "వెయ్యికి తొమ్మిది వందల తొంభై" అని అరవడానికి కావాలి. అందుకే సంస్కృతం. తక్కువ గంటలు, ముందే తెలిసిన ప్రశ్నలు, జవాబులు తెలుగు లిపిలోనో ఇంగ్లీషులోనో రాసే వీలు. పదో తరగతి వరకు తెలుగు పద్యం చక్కగా చదివిన పిల్ల జూన్‌లో శబ్దమంజరి పట్టుకోవడం వెనక దేవభాష మీద భక్తి ఏమీ లేదు. ఆ వెయిటేజీని తెలంగాణ తరవాత పూర్తిగా తీసేసింది. వైద్యం 2017 నుంచి దేశమంతటికీ ఒకటే అయిన నీట్ పరీక్షకు వెళ్లిపోయింది. వైద్యం పేర్లో మాత్రమే మిగిలిన ఎంసెట్ ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. అరుగు మీద మాత్రం ఇంకా ఎంసెట్ అనే అంటారు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. ర్యాంకుల వారీగా సెక్షన్లు, వారానికోసారి సెక్షన్ మార్పు, నెలకోసారి ఔటింగు, ఫోనులో అమ్మతో అయిదు నిమిషాలు. పిల్లలు నలిగిపోతున్నారని 2001లోనే నీరదారెడ్డి కమిటీ చెప్పింది. 2017లో ఆంధ్రప్రదేశ్ వేసిన చక్రపాణి కమిటీ కూడా అదే చెప్పవలసి వచ్చింది; పదహారేళ్ల తేడాతో రెండు కమిటీలు ఒకే మాట చెప్పాయంటే మధ్యలో ఎవరు వినలేదో వేరే చెప్పాలా. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మార్కుల నమోదులో పొరపాట్లు బయటపడ్డాయి. తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా వచ్చింది. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన మూడు లక్షలకు పైగా విద్యార్థుల జవాబు పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలించవలసి వచ్చింది. ఇంటర్ ఫెయిలంటే జీవితం ఫెయిలని ఆ పిల్లలకు ఎవరు నేర్పారన్న ప్రశ్న ఆ కాగితాల్లో లేదు. నెల రోజుల్లో సప్లిమెంటరీ ఉంటుందని, అది పాసైతే అదే ఏడాది డిగ్రీలో చేరవచ్చని ఇంట్లో ఫలితాలకు ముందే ఒక్కసారి చెప్పి ఉంచడం మేలు. ఫలితాల రోజు చెబితే వినే స్థితిలో ఉండరు. ఎవరికైనా మాట్లాడుకోవడానికి మనిషి కావలసి వస్తే 14416, టెలీ మానస్, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకు విడదీయకూడదు. అంతకుముందు 2024 జనవరిలో కేంద్రం పదహారేళ్లు నిండనివారిని కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోవద్దంది. ఈ రెంటినీ అరుగు మీద కూర్చున్న యువకుడిని అడిగి చూడవచ్చు. మీ కౌన్సెలర్ పేరేమిటి, సెక్షన్లు ఎలా వేస్తారు, హాస్టల్ భవనానికి అనుమతి ఉందా, మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు ఎంత తిరిగి ఇస్తారు. నాలుగో ప్రశ్నకు సాధారణంగా అతనికి ఫోను వస్తుంది.

పది తర్వాత దారి ఇంటర్ ఒక్కటే కాదన్నది కూడా ఈ బేరంలో వినబడదు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేస్తే ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో వచ్చిన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో చేర్చుకున్నాయి, ప్రభుత్వ బడి పిల్లలకు కాస్త అదనపు పాయింట్లు ఇచ్చి మరీ. తమాషా ఏమిటంటే అక్కడ మొదటి రెండేళ్లను పీయూసీ అంటారు. తాతల కాలంలో పోయిన మాట మనవల హాస్టల్ గదిలో మళ్లీ బతికింది. గురుకులాల్లో చాలాచోట్ల అయిదు నుంచి ఇంటర్ దాకా ఒకే ప్రాంగణం. కొఠారి చెప్పిన రెండో సగం ఎక్కడైనా అమలైందంటే అది అక్కడే.

బోర్డులు కూడా ఇప్పుడు కదులుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో మొదటి సంవత్సరం పబ్లిక్ పరీక్ష తీసేద్దామని ప్రతిపాదించి, అభ్యంతరాలు రావడంతో వెనక్కి తగ్గింది. 2025-26 నుంచి సిలబస్‌ను ఎన్‌సీఈఆర్‌టీకి దగ్గరగా మార్చి, గణితం రెండు పేపర్లను ఒకటి చేసింది. అన్నయ్య నోట్సు తమ్ముడికి పనికిరాదన్నమాట; పాత పుస్తకాలు కొనేముందు ఏ ఏడాదివో చూసుకోవాలి.

దర్జీ గారి అమ్మాయి చివరికి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బైపీసీ తీసుకుంది. ఆ కళాశాల ఆమె చదివిన హైస్కూలుకు ఆనుకునే ఉంది. మధ్యలో ఒకటే ప్రహరీ, అందులో ఒక చిన్న ఇనుప గేటు, దానికి ఎప్పుడూ తాళం. జూన్‌లో ఆమె హైస్కూలు ఆఫీసులో టీసీ కోసం రెండు రోజులు తిరిగింది. టీసీ చేతికొచ్చాక రోడ్డు మీదికి వెళ్లి, చుట్టూ తిరిగి, గోడకు అవతలి వైపున్న కిటికీలో దాన్ని అందించింది.