మారుటేరు వరికి ఒడిశా ఊపిరి

"మన పన్నుల డబ్బుతో మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో కొత్త వరి తయారుచేస్తే ఒడిశా, బెంగాల్ వాళ్లు పండించుకుంటున్నారు, మనకేం ఒరిగింది?" అని మొన్న మా బావగారు అడిగారు. ఆయన అన్నది స్వర్ణ గురించి, అదే ఎంటీయూ 7029. నాకు నవ్వొచ్చింది. 1982లో విడుదలైన స్వర్ణకి తల్లిదండ్రులు వశిష్ఠ, మసూరి. ఆ మసూరి మనకి మలేసియా నుంచి వచ్చింది. దానికి మూలమైన సంకరమో, 1950లలో ఒడిశాలోని కటక్‌లో జరిగింది! అంటే అప్పు మొదట తీసుకున్నది మనమే.

స్వర్ణ తక్కువ యూరియాతోనే బాగా పండుతుంది, పల్లపు పొలాలకి సరిపోతుంది, అందుకే తూర్పు రాష్ట్రాల్లో అంతగా పాకింది. కానీ అక్కడ వరదలు ఎక్కువ. వారం పది రోజులు పైరు పూర్తిగా మునిగితే ఇక అంతే.

వరికి నీళ్లంటే ఇష్టం కదా, మునిగితే ఎందుకు చస్తుంది? నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే. నీళ్లలో వాయువులు గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. దాంతో మొక్కలో పుట్టే ఇథిలీన్ అనే వాయువు బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. (అరటి గెలలకి పొగబెట్టి మగ్గేస్తారే, ఆ పని చేసేదీ ఇథిలీనే. వేడికి పండుతాయని చాలామంది అనుకుంటారు.) ఇథిలీన్ పెరిగితే జిబ్బరెల్లిన్ అనే హార్మోను జోరందుకుంటుంది, మొక్క నీటి పైకి తల పెట్టాలని సాగడం మొదలెడుతుంది.

ఇల్లు వరదలో చిక్కుకుందనుకోండి. ఒకాయన ఈదడానికి బలం కావాలని గాదెలో బియ్యమంతా రెండు రోజుల్లో వండుకు తినేసి నీళ్లలోకి దూకాడు. ఒడ్డు దగ్గరుంటే బతుకుతాడు, లేకపోతే లేదు. ఇంకొకాయన తలుపేసుకుని పూటకి గ్లాసు గంజి తాగుతూ కదలకుండా కూర్చున్నాడు. నీరు తీశాక ఆయన గాదెలో ఇంకా గింజలున్నాయి. మామూలు స్వర్ణ మొదటాయన: పిండి పదార్థమంతా సాగడానికే ఖర్చుపెట్టి, నీరు తీసేసరికి సన్నగా పొడుగ్గా పీలగా మిగిలి వాలిపోతుంది. రెండో ఆయన ఒడిశాకి చెందిన ధాల్‌పుట్టియా అనే పాత రకం. దాంట్లోంచి ఎంపిక చేసిందే ఎఫ్‌ఆర్ 13ఏ. దాని తొమ్మిదో క్రోమోజోమ్ మీద సబ్1ఏ అనే జన్యువు ఉంది, 2006లో తేల్చారు. తమాషా ఏంటంటే దాన్ని నిద్రలేపేదీ ఆ ఇథిలీనే! అది లేవగానే ఎస్ఎల్ఆర్1, ఎస్ఎల్ఆర్ఎల్1 అనే ప్రోటీన్లు పెరిగి జిబ్బరెల్లిన్‌కి బ్రేకు వేస్తాయి. గంజి తాగే బేరం అన్నమాట. రెండు వారాల దాకా ఓర్చుకుంటుంది. నెలల తరబడి నీళ్లు నిలిచే చోట మాత్రం ఈ ఉపాయం పనిచెయ్యదు, గాదె ఎంత పొదుపుగా వాడినా ఎప్పటికో అప్పటికి ఖాళీ అవ్వాల్సిందే కదా.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ జన్యువున్న మొక్కని స్వర్ణతో కలిపి, వచ్చిన పిల్లల్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపింది. అలా కలిపిన ప్రతిసారీ పరాయి వాటా సగం అవుతుంది: సగం, పావు, అరపావు... ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తులు చూసి సబ్1 ఉన్న మొక్కల్నే ఉంచారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు, జీన్ అన్న మాట వినగానే టెన్షన్ పడకండి.

అలా పుట్టిన స్వర్ణ-సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది, మరుసటేడు బంగ్లాదేశ్‌లో బ్రి ధాన్ 51 పేరుతో వచ్చింది. ఒడిశాలో చూస్తే ఎక్కువ మేలు దళిత రైతులకి జరిగింది, ఎందుకంటే మునిగే పల్లపు భూములు ఎక్కువగా వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. తర్వాత మన బాపట్ల సాంబమసూరిలోకి కూడా అదే జన్యువు ఎక్కించారు, కాబట్టి బావగారి లెక్కలో మనకీ ఎంతోకొంత జమ పడినట్టే.

ఒక్క నష్టం ఉంది. స్వర్ణ వడ్లకి ఆ పేరొచ్చిన బంగారు రంగు కొత్త రకంలో లేదు, పొట్టు మామూలు గడ్డి రంగులో ఉంటుంది. సబ్1 పక్కనే పొట్టు రంగుని అణిచే ఇంకో జన్యువు అంటుకుని ఉంది, ఇది వస్తే అదీ వెంట వచ్చేస్తుంది. ఇదంతా ఓపిగ్గా విని బావగారు, "మరి ఇంకా స్వర్ణ అంటారేంటి?" అన్నారు.