లంక బడికి కిలోమీటరు లెక్క చాలదు

గోదావరి డెల్టాలో ఊరి బడి కోసం రైతులు శిస్తుతో పాటు పన్ను కట్టిన రోజులున్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల కింద పంటలు పండి, చేతిలో డబ్బు ఆడింది. ఆ దశాబ్దంలోనే సబ్ కలెక్టర్ జి.ఎన్. టేలర్ చొరవతో నరసాపురం చుట్టుపక్కల ఊళ్లు బడి పన్నుకు ఒప్పుకున్నాయి. నరసాపురంలో ఆయన పేరిట హైస్కూలు ఇప్పటికీ ఉంది. వసూలుకు చట్టం అండ లేదన్న చిక్కు వచ్చాక 1863లో మద్రాసు విద్యా చట్టం తెచ్చారు.

ఆ బడుల్లో అందరి పిల్లలూ కూర్చోలేదు. 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లలకు వేరే బడి పెట్టాల్సి వచ్చింది. దళితవాడల పిల్లలు బడి గడప తొక్కడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఈ ముక్క చెప్పకుండా డెల్టా చదువుల గొప్ప చెప్పుకోవడం నాకు నచ్చదు.

2003 నుంచి బడిలో మధ్యాహ్నం వండిన అన్నం పెడుతున్నారు. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉండాలన్నారు. వరద ముప్పున్న చోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలని కేంద్రం నమూనా నిబంధనల్లో స్పష్టంగా రాశారు. అయినా 2022లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించింది. తల్లిదండ్రులు, టీచర్లు గట్టిగా వ్యతిరేకించారు. 2025లో ఆ జీవో రద్దయింది.

గోదావరి పాయల మధ్య దీవుల్లా ఉండే కోనసీమ లంకల్లో అసలు ఇబ్బంది రేవు దగ్గరే మొదలవుతుంది. జులై, ఆగస్టుల్లో వరదొస్తే కాజ్‌వే మునుగుతుంది, టీచరు పడవ కోసం ఎదురుచూడాలి. బడికి ఆమె ఒక్కతే అయితే ఆ రోజు చదువు లేనట్టే. మామూలు రోజుల్లోనూ ఒకే గదిలో ఒకటో తరగతికి గుణింతాలు దిద్దిస్తూ, ఐదో తరగతికి భాగహారాలు చెప్పాలి. మధ్యలో యాప్‌లో హాజరు, భోజనం లెక్కలు. స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని కాన్వెంటు వ్యాను ఎక్కిస్తారు. బడిలో సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గిందని రెండో పోస్టు తీసేస్తారు. అది చూసి ఇంకో నలుగురు వెళ్లిపోతారు.

పిల్లలు 60 మంది లోపే ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. లంక బడుల వరకైనా ముందు దీన్ని అమలు చేయాలి. ఆ ఇద్దరిలో ఒకరికి లంకలోనే వసతి చూపించాలి.