చందమామకు ఎంత వెలుగు ఇవ్వాలి?

పున్నమి రాత్రి డాబా ఎక్కి ఫోన్‌తో చందమామను తీయబోతే చాలాసార్లు వచ్చేది ఒక తెల్లటి చుక్క. మచ్చలుండవు, కుందేలుండదు. తప్పు ఫోన్ ధరలో లేదు. తెరలో ఎక్కువ భాగం చీకటే కాబట్టి, వెలుగు చాలడం లేదని లెక్కేసుకుని కెమెరా ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుగు) పెంచేస్తుంది. చంద్రుడేమో మండుటెండలో ఉన్న రాయి. మనకు రాత్రయినా, మనకు కనిపించే ఆ ముఖం మీద సూర్యుడు కాస్తూనే ఉన్నాడు. ఎండలో ఉన్న బండకు ఇచ్చినంత ఎక్స్‌పోజర్ ఇస్తే మచ్చలు కనిపిస్తాయి, కానీ అప్పుడు కింద ఉన్న ఊరంతా నల్లగా పోతుంది. రెండూ కావాలంటే ఏం చేయాలి?

1941లో ఒక సాయంత్రం అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఇదే చిక్కు ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్‌కు ఎదురైంది. కారులో తిరిగొస్తుంటే రోడ్డు పక్కన హెర్నాండెజ్ అనే చిన్న ఊరు కనిపించింది. దూరంగా మంచు కొండలు, వాటి మీద మబ్బులు, ఆ పైన చంద్రుడు. ముందువైపు శ్మశానంలో తెల్లటి శిలువల మీద చివరి ఎండ. కారాపి, గబగబా 8×10 అంగుళాల ఫిల్మ్ పట్టే పెద్ద కెమెరా బిగించాడు. తీరా చూస్తే వెలుగును కొలిచే లైట్ మీటర్ ఎక్కడుందో దొరకలేదు.

అతణ్ని గట్టెక్కించింది బుర్రలో ఉన్న ఒక అంకె. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ (వెలుగు కొలత) అని అతనికి గుర్తుంది. చంద్రుడు ఫొటోలో మధ్యరకం బూడిద రంగు కంటే రెండు స్టాపులు తెల్లగా ఉండాలనుకున్నాడు. ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు. అంటే మధ్యరకం బూడిద రంగు విలువ 250లో నాలుగో వంతు, సుమారు 60. ఫిల్మ్ వేగం (వెలుగుకు ఫిల్మ్ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె) 64, దాని వర్గమూలం 8. లెన్స్ కన్నాన్ని ఆ వర్గమూలం అంకె దగ్గర పెడితే, వెలుగు విలువ ఎంతో సెకనులో అన్నో వంతు సేపు తెరవాలన్నది లెక్క. కాబట్టి ఎఫ్/8 దగ్గర (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది) సెకనులో 60వ వంతు చాలు. లెన్స్ ముందున్న పసుపు ఫిల్టర్ మూడింట రెండు వంతుల వెలుగును మింగేస్తుంది కనుక అది 20వ వంతు అవుతుంది. ముందున్న శిలువలు, దూరంగా ఉన్న కొండలు రెండూ స్పష్టంగా రావాలంటే లెన్స్ కన్నాన్ని ఎఫ్/32కు బిగించాలి, అంటే వెలుగు ఇంకో 16 రెట్లు తగ్గుతుంది. మొత్తానికి దాదాపు ఒక సెకను. షట్టర్ నొక్కి, రెండో ఫిల్మ్ కోసం హోల్డర్ తిప్పేలోపు శిలువల మీద ఎండ పోయింది.

(ఆడమ్స్‌కు తేదీలు రాసుకునే అలవాటు తక్కువ. ఈ ఫొటోకు వేర్వేరు చోట్ల వేర్వేరు సంవత్సరాలు చెప్పాడు. చివరికి చంద్రుడి స్థానాన్ని బట్టి గణితం చేసి 1991లో డెనిస్ డి చికో అనే ఖగోళ రచయిత తేల్చాడు: 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాలు.)

భావం పలికే ఫొటోల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది టెక్నిక్‌ను ఒక పక్కకు, మనసును ఇంకో పక్కకు నెడతారు. నాకది ఒప్పుగా అనిపించదు. ఆ సాయంత్రం ఆడమ్స్ మనసుకు తగిలింది ఏమిటో ఆ లెక్కలోనే ఉంది. చంద్రుడు ఎంత తెల్లగా ఉండాలన్నది అతని ఇష్టం. మిగతాదంతా ఆ ఇష్టం వెంట వచ్చిన భాగహారాలు, గుణకారాలు.

కెమెరాలోని మీటర్‌కు ఇష్టాలేమీ లేవు. దానికి తెలిసిందల్లా సగటు. దేన్ని చూపించినా అది మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది. అందుకే తెల్ల పంచెతో ఫ్రేమ్ నింపితే మాసిన పంచెలా వస్తుంది, గేదెను దగ్గరగా తీస్తే దుమ్ము కొట్టుకున్నట్టు వస్తుంది. ఈ సంగతి అర్థమైతే సగం చదువు అయినట్టే. పంచెకు ఎక్స్‌పోజర్ ఒకటిన్నర, రెండు స్టాపులు పెంచాలి. గేదెకు అంతే తగ్గించాలి. ఫోన్ తెర మీద వేలు పెడితే వచ్చే సూర్యుడి గుర్తును పైకీ కిందికీ జరపడం ఈ పనికే.

ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి లాస్ ఏంజిలిస్‌లోని ఒక ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెబుతూ 1940 ప్రాంతంలో దీన్నే ఒక పద్ధతిగా కూర్చారు. దాని పేరు జోన్ సిస్టమ్. కటిక నలుపు 0, తెల్ల కాగితం 10, నడుమ ఒక్కో స్టాప్‌కు ఒక్కో జోన్. మధ్యరకం బూడిద రంగు 5. వివరం కనపడాల్సిన నీడ 3. ఎదురుగా ఉన్న దృశ్యంలో ఏ వస్తువు ఏ జోన్‌లో పడాలో ఫొటో తీసేముందే నిర్ణయించుకోవాలి. దీనికి పునాది వేసింది 1890లో ఇంగ్లండ్‌లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు. వెలుగు పెరిగేకొద్దీ ఫొటో ప్లేటు (ఫిల్మ్‌లా వాడే గాజు పలక) ఎంత నల్లబడుతుందో కొలిచి గ్రాఫు గీశారు.

అసలు ఇంత నిర్ణయం ఎందుకంటే, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపడం కాగితం వల్ల కాదు కాబట్టి. ఎండలో ఉన్న గోడకూ, దాని పక్కన తలుపు లోపలి చీకటికీ మధ్య వెలుగులో తేడా వెయ్యి రెట్లు ఉండొచ్చు. మంచి ప్రింటులో అతి తెలుపుకూ అతి నలుపుకూ తేడా సుమారు వంద రెట్లు. వెయ్యిని వందలో ఇరికించేటప్పుడు ఏదో ఒకటి నలగక తప్పదు. ఏది నలగాలో మనం చెప్పకపోతే కెమెరా చెబుతుంది.

ఆడమ్స్‌కు ఈ ఆలోచన మొదట తట్టింది అంతకు చాలా ముందే, 1927 ఏప్రిల్ 10న, అమెరికాలోని యోసెమిటీ లోయలో. అప్పటికి వయసు 25. హాఫ్ డోమ్ అనే పెద్ద కొండ ముఖాన్ని తీయడానికి మిత్రులతో కలిసి మంచులో ఎక్కాడు. 12 గాజు ప్లేట్లతో బయలుదేరితే అక్కడికి చేరేసరికి మిగిలినవి రెండు. మొదటిది పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తీశాక అనుమానం వచ్చింది: కొండ ఆకారం వస్తుంది గానీ, తనకు కలిగిన ఆ బరువు, ఆ గాంభీర్యం రావు. చివరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టి 5 సెకన్లు తెరిచి ఉంచాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది.

ఇందులో ఫిజిక్స్ తేలికే. ఆకాశం నుంచి వచ్చేది ఎక్కువగా చెల్లాచెదురైన నీలి కాంతి. ఎరుపు ఫిల్టర్ దాన్ని ఆపేస్తుంది. అయితే చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. ఎండ పడని రాతి నీడలకు వెలుగిచ్చేది కూడా ఆ నీలి ఆకాశమే. దాంతో నీడలు కూడా ముదిరాయి. ఎండ తగిలిన చోట మాత్రం రాయి, మంచు తెల్లగా నిలబడ్డాయి. అన్ని రంగులకూ స్పందించే ప్లేటు వాడాడు కాబట్టి ఇది సాధ్యమైంది. ఎరుపును చూడలేని పాతరకం ప్లేటయితే ఆ ఫిల్టర్ వెనక ఏమీ పడేది కాదు.

నెగటివ్ (వెలుగు పడిన చోట నల్లబడే ఫిల్మ్) దగ్గర పని ఆగదు. హెర్నాండెజ్ నెగటివ్‌లో ముందుభాగం పలచగా వచ్చింది. 1948లో ఆ కింది భాగాన్నే రసాయనంతో చిక్కబరిచాడు. డార్క్‌రూమ్‌లో ప్రింటు వేసేటప్పుడు ఒకచోట చెయ్యి అడ్డం పెట్టి వెలుగు తగ్గించడం, ఇంకోచోట ఎక్కువసేపు పడనివ్వడం మామూలే. తొలినాటి ప్రింట్లలో ఆకాశం బూడిద రంగులో ఉంటుంది, పలచని మబ్బులూ కనిపిస్తాయి. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ ఆకాశం నల్లబడుతూ పోయింది. ఆడమ్స్ మొదట పియానో సాధన చేసినవాడు. నెగటివ్‌ను స్వరలిపితో, ప్రింటును కచేరీతో పోల్చేవాడు. మన సంగీతం వినేవాళ్లకు ఇది వెంటనే అందుతుంది: ఒకే కీర్తనను ఒకే గాయని ముప్పైలో ఒకలా, అరవైలో ఇంకోలా పాడుతుంది.

ఇప్పుడు ఈ పనంతా ఫోన్ చేసి పెడుతోంది. వరసగా కొన్ని ఫ్రేములు తీసి, కలిపి, నీడలు లేపి, తెలుపును అదుపు చేసి, కంటి రెప్పపాటులో చేతిలో పెడుతుంది. గొప్ప ఇంజనీరింగే. కానీ దాని లక్ష్యం ఏదీ పోకుండా చూడటం. దేవుడి గదిలో దీపం వెలుగును తీస్తే గోడ, క్యాలెండరు, మూలనున్న స్విచ్ బోర్డుతో సహా అన్నీ కనిపిస్తాయి. దీపం దగ్గర మనం ఆగిపోవడానికి కారణమైన ఆ చీకటి మాత్రం ఉండదు. దీపం మీద వేలుపెట్టి ఎక్స్‌పోజర్ బాగా దించితే అది తిరిగొస్తుంది.

సాధనకు నలుపు తెలుపు మంచి బడి. రంగు తీసేస్తే వెలుగు మెట్లు బయటపడతాయి. మిర్చి కల్లంలో ఒక ఫొటోను రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దని ముడి ఫైలుగా) తీసి, ఎడిటింగ్ యాప్‌లో నలుపు తెలుపుగా మార్చండి. కాయల ఎరుపు, పక్కన చేను ఆకుల పచ్చ దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. ఎరుపు స్లైడర్ పెంచితే కాయలు తెల్లబడి వెలుగుతాయి, తగ్గిస్తే బొగ్గులా మారతాయి. ఆడమ్స్ గాజు ఫిల్టర్‌తో చేసిందే ఇది, కాకపోతే తీరిగ్గా ఇంట్లో కూర్చుని చేయొచ్చు.

అదే స్లైడర్ మనుషుల ముఖాల దగ్గర జాగ్రత్తగా వాడాలి. చర్మం నుంచి వచ్చే కాంతిలో ఎరుపు పాలు ఎక్కువ. ఎరుపు పెంచితే చర్మం తెల్లబడి, మచ్చలు మాసిపోయి, పెదవులు పాలిపోతాయి. చాలామందికి ఆ తెల్లదనమే నచ్చుతుంది, స్టూడియోలూ అదే చేసిపెడతాయి. ఎండలో దశాబ్దాలు పనిచేసిన రైతు ముఖాన్ని తీస్తున్నప్పుడు నేనైతే ఎరుపు తగ్గిస్తాను. చర్మం అసలు చాయ నిలుస్తుంది, నుదుటి గీతలు ఒక్కొక్కటీ తేలతాయి.