పలచటి గాజును అరగదీయడం

ఇంట్లో టెలిస్కోప్ అద్దం చేసుకునేవాళ్లు చాలాకాలం ఒకే లెక్క పాటించారు: గాజు మందం దాని వెడల్పులో ఆరో వంతు ఉండాలి. అంటే 12 అంగుళాల అద్దానికి 2 అంగుళాల దిమ్మె. ఖరీదు, పైగా మోయలేని బరువు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత మఠం సన్యాసిగా ఉన్న జాన్ డాబ్సన్ చేతిలో డబ్బు లేదు, 1956లో ఓడ కిటికీకి వాడిన పలచటి గాజుతోనే 12 అంగుళాల అద్దం తయారుచేశారు. నాకు ఆయనంటే గౌరవం, ఎందుకంటే 1967లో మఠం వదిలాక ఆ టెలిస్కోపుల్ని వీధి పక్కన పెట్టి దారినపోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించారు.

పని గంధం అరగదీసినట్టే మొదలవుతుంది. రెండు గాజు బిళ్లలు, మధ్యలో నీళ్లు, కార్బొరండం అనే గట్టి గరుకు పొడి. పై బిళ్లను ముందుకూ వెనక్కూ తోస్తూ, కొంచెం కొంచెం తిప్పుతూ, బల్ల చుట్టూ మనమూ తిరుగుతుంటే పై బిళ్ల నడుమ గుంట పడుతుంది, ఎందుకంటే అది అంచు దాటి బయటికి వచ్చిన ప్రతిసారీ బరువంతా కింది బిళ్ల అంచు మీద, తన నడిమి భాగం మీద పడుతుంది. 8 అంగుళాల అద్దానికి 48 అంగుళాల ఫోకస్ (వెలుగు ఒకచోట చేరే దూరం) కావాలంటే ఆ గుంట లోతు రెండు మిల్లీమీటర్లే. పొడి సన్నబడుతూ పోయి, చివరికి పిచ్ అనే తారులాంటి పదార్థం పరిచిన బిళ్ల మీద సీరియం ఆక్సైడ్ అనే మెత్తటి పొడితో పాలిష్.

అసలు టెన్షన్ ఇక్కడే. మందం సగమైతే గాజు తన బరువుకే నాలుగు రెట్లు వంగుతుంది. మనకు కావలసిన కచ్చితత్వమేమో, మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో ఏడు. అద్దాన్ని కింద పెట్టి అరగదీసేటప్పుడు దాని అడుగున పరిచిన బట్ట ఒకచోట మడతపడిందనుకోండి, నొక్కినప్పుడు గాజు అక్కడ వంగదు, పక్కన వంగుతుంది, కాబట్టి మడత ఉన్నచోటే ఎక్కువ అరుగుతుంది. చెయ్యి తీయగానే గాజు మళ్లీ సర్దుకుంటుంది, అరుగుదల మాత్రం మిగిలిపోతుంది. ఇలా వచ్చేదే ఆస్టిగ్మాటిజం: నక్షత్రం ఫోకస్‌కు ఒకవైపు నిలువుగా, ఇంకోవైపు అడ్డంగా సాగుతుంది. 1858లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో కనిపెట్టిన కత్తి అంచు పరీక్ష మిట్టపల్లాలను నీడల్లో చూపిస్తుంది గానీ ఈ లోపాన్ని అంత తేలిగ్గా పట్టించదు.

అందుకే ముందు గాజు వీపును చదునుగా అరగదీయాలి. మెత్తటి కార్పెట్ ముక్క మీద పెట్టి, కొద్ది నిమిషాలకోసారి దాన్ని ఆ పడక మీదే తిప్పి పెట్టాలి. చేతుల వేడికి గాజు ఉబ్బుతుంది కాబట్టి చల్లారనిచ్చాకే పరీక్షించాలి. టెలిస్కోపులో కూడా మూడు కాళ్ల మీద నిలబెడితే చాలదు, పెద్ద అద్దమైతే బరువును సమానంగా పంచే 9 లేదా 18 ఆధారాలు కావాలి.

ఇంత శ్రమకు ఫలితం రాత్రి బయట పెట్టినప్పుడు తెలుస్తుంది. వేడిగా ఉన్న అద్దం ముందు గాలి కదులుతూ బొమ్మను వణికిస్తుంది. పలచటిది త్వరగా చల్లబడుతుంది, పక్కన మందం అద్దంలో శని ఇంకా అలలాడుతుండగానే ఇందులో వలయాల మధ్య నల్లగీత కనిపిస్తుంది.